తోడు పోయిందని చెప్పలేదు

ఒక చిన్న గాజు సీసాలోని పులిసిన పిండి నా చేతుల్లో పాడైపోయింది. ఎండాకాలం, నైట్ షిఫ్టులు. ఎవరి ఇంట్లోనైనా జరిగేదే. నా తప్పు ఆ తర్వాత మొదలైంది. మూడు నెలలపాటు, అడిగిన ప్రతిసారీ, అది బాగానే ఉందని చెప్పాను. ఆ అబద్ధం ఒకామె కష్టానికి నష్టం తెచ్చింది. ఇంట్లోవాళ్లకు, ఆమెకు తప్ప ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మాది కర్దనూరు. పటాన్‌చెరుకు దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్క ఊరు. ఒకవైపు ఇంకా పొలాలు, ఇంకోవైపు ప్లాట్ల హద్దురాళ్లు, రాత్రయితే దూరంగా కంపెనీల లైట్లు. ఇరవై రెండేళ్లుగా ఈ పారిశ్రామికవాడలోనే ఒక మందుల కంపెనీలో, ఫెర్మెంటేషన్ విభాగంలో పనిచేస్తున్నాను. సూక్ష్మజీవులను పెంచి వాటితో మందు తయారుచేయించడం మా పని. మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచిన చిన్న వయల్‌తో అది మొదలవుతుంది. దాన్ని కరిగించి ఫ్లాస్కులో పెంచుతాం. ఫ్లాస్కు నుంచి సీడ్ ట్యాంకుకు, అక్కడి నుంచి వేల లీటర్ల పెద్ద ట్యాంకుకు పంపుతాం. ఉష్ణోగ్రత, పీహెచ్, గాలి అన్నీ గంటగంటకూ లాగ్‌బుక్కులో రాస్తాం. ఏ కాస్త తేడా వచ్చినా డీవియేషన్ రాయాలి. ఎందుకు జరిగిందో తర్వాత వెతకొచ్చు, జరిగిందని మాత్రం ఆ గంటలోనే రాయాలి. కొత్తగా చేరిన పిల్లలకు మొదటిరోజు నేను చెప్పే మాట ఒకటుంది: బ్యాచ్ పోతే కంపెనీ తట్టుకుంటుంది, పోయిందని దాస్తే తట్టుకోలేదు.

ఆ మాట చెప్పే నోటితోనే నేను అబద్ధమాడాను.

నిరుడు ఫిబ్రవరిలో లింగంపల్లిలో మా అక్క కూతురింటికి పోయి వస్తుంటే ఒక సందులో వాసన ఆపింది. పులుపు, కాలిన గోధుమ, రెండూ కలిసిన వాసన. మా సీడ్ ట్యాంకుల గదిని గుర్తుచేసింది. అంతకన్నా ఎక్కువగా చిన్నప్పుడు మా అమ్మ అంబలి కుండ మూత తీసిన పొద్దులను గుర్తుచేసింది. ఒక ఇంటి కింద షట్టరు గది. లోపల రెండరల ఓవెన్, స్టీలు బల్ల, గుడ్డ పరిచిన పేము బుట్టల్లో పిండిముద్దలు. ముప్పై అయిదేళ్లామె ఒక్కో ముద్ద మీద బ్లేడుతో ఒక్క గీత గీసి ఓవెన్‌లోకి తోస్తోంది. సాయానికి పద్దెనిమిదేళ్ల అబ్బాయి. అప్పుడే తీసిన రొట్టెలు తీగల చట్రం మీద చల్లారుతూ సన్నగా చిటపటమంటున్నాయి. పై పెచ్చు బిగుసుకుంటూ పగిలే చప్పుడది. "ఆ సప్పుడు వినబడ్డదంటే మంచిగ కాలినట్టు" అని ఆమె చెప్పింది.

ఆ రొట్టెలో పిండి, నీళ్లు, ఉప్పు తప్ప ఇంకేమీ ఉండవు. అంగట్లో దొరికే ఈస్టు వేయదు. నూరు పాళ్ల పిండికి డెబ్భై రెండు పాళ్ల నీళ్లు, రెండు పాళ్ల ఉప్పు, ఇరవై పాళ్లు ముందటి పులిసిన పిండి. ఆ పాత పిండిలో బతికే ఈస్టులు గాలి పుట్టించి పొంగిస్తాయి. వాటితో కలిసి ఉండే లాక్టిక్ బ్యాక్టీరియా పులుపునిస్తాయి. గోధుమలోని గ్లూటెన్ సాగి ఆ గాలిని పట్టి ఉంచుతుంది. జొన్నకు ఆ గుణం లేదు, అందుకే జొన్నరొట్టెను వేడినీళ్లతో పిసికి చేత్తో తడతాం. ఆమె ఒక రకం రొట్టెలో జొన్నపిండి కలుపుతుంది కానీ పదోవంతు దాటనివ్వదు. ఎండాకాలంలో ఐసు నీళ్లతో పిండి కలుపుతుంది. చలికాలంలో ఏడెనిమిది గంటలు పట్టే పొంగు, మేలో మూడు నాలుగు గంటల్లో వచ్చేస్తుంది. ఆ తర్వాత బుట్టలను రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి నెమ్మదిగా పులియనిస్తుంది.

స్టార్టర్ అని అందరూ పిలిచే ఆ పాత పిండిని ఆమె 'తోడు' అంటుంది, పాలకు వేసే తోడులాగే. 2020 లాక్‌డౌన్‌లో, ఇంట్లో గోధుమపిండి, నీళ్లు కలిపి మొదలుపెట్టింది. ఆ ఏడాది ప్రపంచమంతా తలుపులు వేసుకుని ఇదే పని చేసింది. చాలామంది మళ్లీ ఆఫీసులు తెరవగానే వదిలేశారు. ఆమె వదల్లేదు. పొద్దునా రాత్రీ దానికి పిండి పెడుతూ, రెండేళ్ల తర్వాత చేస్తున్న ఉద్యోగం మాని ఈ షట్టరు అద్దెకు తీసుకుంది. "ఇది మనకు కొత్త కాదన్నా, పాతబస్తీల నాన్‌కు ఖమీర్ అంటరు సూడుర్రి, గదే" అంది. నిజమే. పురానీ హవేలీ దగ్గర 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం పేరు పాతబస్తీ అంతా ఎరుగుదురు. ఖమీర్ అంటే పులిసిన పిండే.

నేను ఆమెను అడగడం మొదలుపెట్టాను. ఇందులో ఏ ఈస్టు ఉంది, ఏ బ్యాక్టీరియా ఉంది, పీహెచ్ ఎంత? "పేర్లు నాకు తెల్వదన్నా. వాసన తెలుసు, పొంగు తెలుసు" అంది. అప్పుడు నేను శాన్‌ఫ్రాన్సిస్కో పులిసిన రొట్టె మీద 1971లో వచ్చిన పరిశోధన గురించి, ఆ ఊరి పేరే పెట్టుకున్న బ్యాక్టీరియా గురించి చెప్పాను. ఆమె చేతులు ఆపి శ్రద్ధగా విన్నది. తెలియనిది తెలుసుకోవాలనే శ్రద్ధ అది. నేను దాన్ని నా పెద్దరికానికి ఇచ్చిన మర్యాద అనుకున్నాను. నా తెలివితక్కువతనం అక్కడే పుట్టింది. పేర్లు తెలిసినవాడికి ఆ జీవి కూడా తెలిసినట్టే అనుకున్నాను.

నాలుగోసారో అయిదోసారో పోయినప్పుడు ఆమె ఒక సీసా నా చేతిలో పెట్టింది. "నా తోడు ముగ్గురి దగ్గర ఉంచుదామనుకుంటున్న అన్నా. ఇక్కడ ఏమన్న అయితే వచ్చి తీసుకుంట. మీరు ఇదే పనిల ఉన్నోళ్లు, మీకంటె మంచిగ ఎవరు సూస్తరు?" మా దగ్గరా ఆ వయళ్లను, అంటే సెల్ బ్యాంకును, రెండు చోట్ల దాస్తాం. ఆమె ఆలోచన ఎంత సరైనదో నాకు వెంటనే తెలిసింది. "ఎండలు ముదిరితె ఫ్రిజ్‌లనే ఉంచుర్రి. బయట పెడితె రెండు పూటలా పిండి పెట్టాలె" అని కూడా చెప్పింది. ఆ రెండో మాటను నేను సరిగా వినలేదు.

ఇంటికి తెచ్చి చూపిస్తే అమ్మ ఏమిటని అడిగింది. రొట్టె తోడు అన్నాను. "తోడైతె పక్కింట్ల గూడ ఇంత పెట్టరాదు" అంది. మా అమ్మ పుట్టిల్లు జోగిపేట వైపు. ఆ ఊళ్లో పెరుగు తోడు అయిపోతే పిల్లల చేతికి గిన్నె ఇచ్చి పక్కింటికి పంపేవాళ్లు. దీపాలు పెట్టాక ఇవ్వరు గానీ, పగలు లేదన్నవాళ్లు లేరు. ఇవాళ నీ ఇంట్లో పాలు విరిగితే నా ఇంటి తోడు నీకు, రేపు నాకు అవసరమైతే నీది నాకు. ఒక వాడంతా ఒకే పెరుగును బతికించుకునేది. ఇందులో ఒక షరతు ఉందని నాకు అప్పుడు తట్టలేదు. గిన్నె పట్టుకుని పక్కింటికి పోవాలంటే, ముందు నా ఇంట్లో తోడు లేదని నోరు తెరిచి చెప్పాలి.

ఏప్రిల్, మే. మా వంటింట్లో మధ్యాహ్నం 38 డిగ్రీలు. నేను చదివిన పుస్తకం చలిదేశానిది. 21 నుంచి 24 డిగ్రీల గదిలో రోజుకొకసారి పిండి పెట్టమంటుంది. నేను అదే పాటించాను. పొంగు కళ్లారా చూడాలని ఫ్రిజ్‌లో పెట్టలేదు. అయిదు గంటల్లో పొంగి, కిందికి దిగిపోయేది. మిగతా పంతొమ్మిది గంటలు దానికి తిండి లేదు. కంపెనీలో అర డిగ్రీ తేడా వస్తే ఫోన్లు చేసే నేను, ఇంట్లో థర్మామీటరు పెట్టలేదు, కాగితం మీద ఒక్క అంకె రాయలేదు. ఒక సాయంత్రం అమ్మ మూత తీసి చూసి, "బిడ్డా, ఇది ఆకలి మీదున్నది. వాసన ముక్కుకు గుచ్చుతుంది" అంది. అంబలి కుండను యాభై ఏళ్లు చూసిన ముక్కు అది. "ఇది అంబలి కాదమ్మా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఈనాటికీ బాధపడతాను. గోళ్ల రంగు తుడిచే మందు వాసన వస్తోందని, పైన నల్లటి నీరు తేలుతోందని నాకూ తెలుస్తూనే ఉంది. అవి ఆకలి గుర్తులు. ఆ రోజు నుంచి రెండు పూటలా పిండి పెట్టి ఉంటే కోలుకునేది.

మే మూడో వారం నాకు నైట్ షిఫ్టులు. రెండు రోజులు పిండి పెట్టనేలేదు. మూడోరోజు పొద్దున చూస్తే సీసా లోపలి గోడ మీద గులాబీ రంగు చార. ఆ రంగు కనిపిస్తే వేరే జీవులు చొరబడ్డట్టు. ఇంక దాన్ని ఉంచకూడదు. పారబోశాను. సీసా వేడినీళ్లతో కడిగి, తుడిచి, అరలో బోర్లించాను. అమ్మ చూసింది. ఏమీ అనలేదు.

ఆ ఆదివారం బేకరీకి పోయాను, చెబుదామనే పోయాను. "తోడు ఎట్లున్నదన్నా?" అని ఆమె నవ్వుతూ అడిగింది. నా వెనక ఇద్దరు కొనడానికి నిలబడి ఉన్నారు. ఇరవై రెండేళ్ల అనుభవం గురించి ఆమెకు ఎన్నిసార్లు చెప్పానో ఆ క్షణంలో గుర్తొచ్చింది. "బాగున్నది" అన్నాను.

మొదటి అబద్ధాన్ని నిలబెట్టడానికి రెండోది కావలసి వచ్చింది. జూన్‌లో వానలు పడి వంటిల్లు చల్లబడ్డాక, గోధుమపిండి, నీళ్లు కలిపి కొత్త తోడు మొదలుపెట్టాను. రెండు వారాల్లో బుడగలొచ్చాయి, వాసన బాగుంది. దాన్ని ఆమె ఇచ్చిన సీసాలోనే పోశాను. 2021లో వచ్చిన ఒక పరిశోధన చదివి ఉన్నాను. నాలుగు ఖండాల నుంచి తెప్పించిన 500 ఇళ్ల తోడులను పరీక్షించి, అందులోని జీవులను నిర్ణయించడంలో ఊరికీ దేశానికీ పెద్ద పాత్ర లేదని చెప్పారు. లింగంపల్లిదైతేనేం, కర్దనూరుదైతేనేం అని ఆ కాగితాన్ని నాకు సాక్షిగా నిలబెట్టుకున్నాను. నిజానికి ఆ పరిశోధన చెప్పింది అన్నీ ఒకటే అని కాదు. ఏ ఇంటి తోడు ఆ ఇంటిదే, పక్కపక్క ఇళ్లవైనా ఒకేలా ఉండకపోవచ్చు. చదువుకున్న చదువును అబద్ధానికి కావలి పెట్టడం కన్నా పెద్ద తెలివితక్కువ పని నా జీవితంలో ఇంకొకటి లేదు.

జూన్, జూలై గడిచాయి. పోయిన ప్రతిసారీ ఆమె అడిగేది, నేను బాగున్నదనేవాణ్ని. రెండోసారి చెప్పేటప్పుడు మొదటిసారి అంత కష్టం కాలేదు. మూడోసారి అసలు కష్టమే కాలేదు. అదే నాకు ఇప్పుడు భయం వేసే సంగతి.

ఆగస్టులో ముసురు పట్టిన ఒక పొద్దున ఫోను వచ్చింది. చలికి తోడు పొంగడం లేదని రాత్రి ఆమె రెండు సీసాలనూ, వాడుకునేదీ ఫ్రిజ్‌లో దాచుకునేదీ, వెలిగించని ఓవెన్‌లో వెచ్చగా ఉంటుందని పెట్టి ఇంటికి పోయింది. తెల్లవారుజామున వచ్చిన అబ్బాయి చూసుకోకుండా ఓవెన్ 250కి పెట్టాడు. 60 డిగ్రీలు దాటితే ఈస్టు బతకదు. మిగిలిన ఇద్దరిలో ఒకరు ఇల్లు మారి దేశం విడిచిపోయారు. ఇంకొకామె తన తోడు పోయిందని, ఇంక పెంచలేనని ఏప్రిల్‌లోనే చెప్పింది. "మీ దగ్గర ఉన్నది కద అన్నా" అంది. ఆ గొంతులో అనుమానం లేదు. "తెస్తున్న" అన్నాను. కొత్తదే ఇద్దాం, ఆమెకేం తెలుస్తుంది అనుకునే బయల్దేరాను.

సీసా సంచిలో పెట్టుకుని బండి మీద పటాన్‌చెరు దాటాను. ఇక్రిశాట్ దగ్గర ట్రాఫిక్ ఆగింది. 1972లో ఏర్పడిన ఆ సంస్థలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ వంటి పంటల విత్తన నమూనాలు లక్షా ఇరవై వేలకు పైగా దాచి ఉన్నాయి. ఇథియోపియా, కెన్యా లాంటి దేశాల జొన్న విత్తనాలను ఇక్కడి నుంచే ఆ దేశాలకు తిరిగి ఇచ్చారు. ఇక్కడివాటికి నకళ్లు నార్వేలోని స్వాల్‌బార్డ్‌లో, 2008లో తెరిచిన విత్తన గిడ్డంగిలో ఉన్నాయి. 2015లో సిరియా యుద్ధం వల్ల అలెప్పోలోని తమ విత్తన బ్యాంకుకు చేరలేని శాస్త్రవేత్తలు అక్కడ దాచుకున్నవే వెనక్కి తెప్పించుకున్నారు. ఇటువంటి బ్యాంకుల్లో విత్తనాన్ని పెట్టి మరిచిపోరు. కొన్నేళ్లకొకసారి మొలక పరీక్ష చేస్తారు. మొలకెత్తే శక్తి మొదట ఉన్నదానిలో నూటికి 85 పాళ్ల కన్నా తగ్గిందంటే అలా రాసి, మళ్లీ పొలంలో వేసి కొత్త విత్తనం తీస్తారు. మా జిల్లాలోనే, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, బడి మొహం చూడనివాళ్లు ఎందరో, విత్తనం తీసుకున్నవాళ్లు తీసుకున్నదానికన్నా ఎక్కువ తిరిగివ్వాలనే కట్టుబాటుతో విత్తనాలను కాపాడుతున్నారు. ఇక్రిశాట్ గేటు ముందు వానలో తడుస్తూ ఇవన్నీ నాకు గుర్తొచ్చాయి. అయినా సరే, నిజం చెప్పాలని అక్కడ నిర్ణయించుకున్నానంటే అది ఇంకో అబద్ధమవుతుంది. బీరంగూడ, బీహెచ్ఈఎల్ దాటి లింగంపల్లి చేరేదాకా కొత్తదే ఇవ్వాలనే అనుకుంటున్నాను.

షట్టరు సగం వేసి ఉంది. అబ్బాయి మూలన కూర్చుని ఏడుస్తున్నాడు. తెల్లవారి అయిదింటికే ఫోన్ చేసి, "అక్కా, నేనే ఓవెన్ వేసిన, లోపట సూడలే" అని చెప్పాడట. నా చేతిలో సీసా చూడగానే ఆమె మొహం విచ్చుకుంది. వాడి వైపు తిరిగి, "ఏడ్వకురా, దొరికింది" అంది.

వాడు తలెత్తి నన్ను చూశాడు. నేను తట్టుకోలేకపోయాను. "ఇది నీది కాదు చెల్లె" అన్నాను. మే నెలలోనే పోయిందని, గులాబీ చార వచ్చిందని, పారబోశానని, జూన్‌లో నేనే కొత్తది పెట్టానని, ఇన్నాళ్లూ అబద్ధం చెప్పానని మొత్తం చెప్పాను. ఆమె సీసా మూత తీసి వాసన చూసింది, వేలితో కొంచెం తీసి నాలుక మీద పెట్టుకుంది. చాలాసేపటికి అంది: "మే నెలల చెప్పి ఉంటె ఆ రోజే ఇంకో సీసా ఇచ్చేదాన్ని కద అన్నా."

ఆ ఒక్క మాటతో మూడు నెలల లెక్క తేలిపోయింది. అయిదేళ్ల ఆమె కష్టం పోవడానికి ఎండ కారణం కాదు, ఓవెన్ పొరపాటూ కాదు. అవి రెండూ జరిగినా ఆమె తోడు మిగిలేది. నా ఇంట్లో ఒక సీసా ఖాళీ అయిందని ఆమెకు తెలిసి ఉంటే, ఆ ఖాళీని అదే వారంలో నింపేది. నేను తోడును చంపడం వల్ల నష్టం రాలేదు. బతికే ఉందని చెప్పడం వల్ల వచ్చింది.

పని నడవాలి గనుక ఆమె నా సీసాలోంచి సగం తీసుకుంది. మూత మీద టేపు అంటించి 'కర్దనూరు' అని రాసింది. ఆ సాయంత్రమే బోర్డు పెట్టింది: పాత తోడు పోయింది, ఇది కొత్త తోడు, రుచిలో తేడా ఉంటుంది. ఆ బోర్డు చదివినప్పుడు ఇంకొకటి అర్థమైంది. నేను ఆ పొద్దున నోరు విప్పకపోయి ఉంటే, ఆమె తనకు తెలియకుండానే కొనేవాళ్లందరికీ నా అబద్ధం చెబుతూ ఉండేది. నా తోడుకు బలం చాలక మొదటి రెండు వారాలు రొట్టెలు పొంగక పళ్లెంలా పరుచుకున్నాయి. ట్రేలకు ట్రేలు పారేసింది. వారం వారం తీసుకునే ఒక కేఫ్ ఆర్డరు ఆగిపోయింది. నష్టం ఇస్తానంటే తీసుకోలేదు. ఆదివారాలు వచ్చి సామాను కడుగుతానంటే సరేనంది. రెండు నెలలు కడిగాను. ఆ రెండు నెలల్లో ఆమె ముక్కుతో, చేత్తో చూసే విద్య కొంత నేర్చుకున్నాను. అమ్మకు ఆ విద్య ఎప్పటినుంచో వచ్చునని కూడా అప్పుడే తెలుసుకున్నాను.

డిసెంబరుకు తోడు బలం పుంజుకుంది. రుచి పాతది కాదు, కానీ ఆమెకు నచ్చింది. సంక్రాంతి తర్వాత నేను అడగకుండానే ఒక సీసా ఇచ్చింది. ఈసారి ఫ్రిజ్ పక్కన నోటుపుస్తకం వేలాడదీశాను. పిండి పెట్టిన వేళ, గది వేడి, పొంగిన ఎత్తు రాస్తాను. వాసన గడిలో అమ్మ చెప్పిన మాట రాస్తాను.

ఈ మేలో పెళ్లికని మెదక్ వెళ్లాం. అక్కడ మూడు రోజులు. ఇక్కడ ఫీడర్ కాలి మా వీధిలో ఒకటిన్నర రోజు కరెంటు లేదు. రాత్రి పదింటికి వచ్చి ఫ్రిజ్ తీస్తే మళ్లీ అదే గులాబీ చార. నోటుపుస్తకంలో తేదీ, వేళ వేసి 'పోయింది' అని రాశాను. ఫోను తీసుకున్నాను. అంత రాత్రి చేయాలా అనిపించింది. అమ్మ పక్కనే నిలబడి ఉంది.

"చెల్లె, తోడు పోయింది" అన్నాను.

"అయ్యో. సరే అన్నా, రేపు పొద్దుగాల రండి, తీసి పెడుత" అంది.

ఫోను పెట్టేసరికి అమ్మ సీసా కడగడం మొదలుపెట్టింది.